నకలు తీసినట్టు సంతకం

నా రిటైర్మెంటుకు పద్నాలుగు నెలల ముందు, జూన్ మొదటి వారంలో, సిరోంచ తాలూకాలో సర్కిల్ ఆఫీసరుగా ఉన్న నాకు ఒక చార్జి మార్పిడి పని పడింది. మహారాష్ట్ర రెవెన్యూ పద్ధతి తెలియని వారి కోసం చెబుతాను. ఊరి భూమి రికార్డు చూసే ఉద్యోగిని తలాఠీ అంటారు. ఒక్కో తలాఠీకి కొన్ని ఊళ్లు ఉంటాయి. అలాంటి కొందరు తలాఠీల మీద అధికారి సర్కిల్ ఆఫీసరు. ఆ జూన్‌లో వైశాలి అనే తలాఠీకి అహేరి తాలూకాలోని నాగేపల్లి వైపు బదిలీ అయింది. ఆమె వాడిన ప్రభుత్వ ల్యాప్‌టాప్‌ను ఖాళీ చేయించి, కొత్తగా వచ్చిన తలాఠీకి అప్పగించడం నా బాధ్యత.

ఆమె మీద నాకు అసూయ ఉండేది. దాచడానికి ఇప్పుడు కారణమేమీ లేదు. మా దగ్గర రికార్డు మొత్తం మరాఠీలో ఉంటుంది, రైతులు మాట్లాడేది తెలుగు. రైతు ‘ఏటి గడ్డ’ అంటాడు, రికార్డులో గట్ నంబరు, అంటే మన సర్వే నంబరు లాంటిది, మాత్రమే ఉంటుంది. ఈ రెండింటినీ కలపగలిగినవాడిని మా తహసీలు కచేరీలో ముప్పై ఏళ్లు నేనొక్కణ్ణే. ఏ తహసీల్దారు వచ్చినా, చిక్కు వస్తే నన్నే పిలిచేవారు. అది నాకు జీతం కన్నా ఎక్కువగా ఉండేది.

వైశాలి వార్ధా వైపు నుంచి ఒక్క తెలుగు ముక్క రాకుండా వచ్చింది. రెండేళ్లు తిరగకుండానే మా వాళ్ల మాటే మాట్లాడేది. తప్పులు మాట్లాడినా జనం మురిసిపోయేవారు. గట్ల మీద నడిచి, మడి మడీ తిరిగి, ల్యాప్‌టాప్‌లో ‘చేన్ల పేర్లు’ అని ఒక ఫైలు తయారు చేసింది. గట్ నంబరు, రికార్డులో ఉన్న పేరు, జనం పిలిచే పేరు, నిజంగా దున్నుతున్నది ఎవరు. అసలు పని ఆ చివరి గడిలో ఉంది. మా వైపు అన్నదమ్ములు పొలాలను నోటిమాట మీద మార్చుకుంటారు. నీ గడ్డ నాకు, నా మడి నీకు అనుకుంటే అయిపోయినట్టే. కాగితం పాత పేరు మీదే ఉండిపోతుంది.

ఒక మీటింగులో తహసీల్దారు ఆ ఫైలును గోడ మీద చూపించి, ఇన్నేళ్లుగా ఈ పని ఎందుకు జరగలేదని మరాఠీలో అడిగారు. ఆయన ఎవరి వైపూ చూడలేదు. నా వైపే చూసినట్టు నాకు ఒళ్లు మండిపోయింది.

చార్జి రోజున ఆమె తన ఖాతాలోంచి బయటికి వచ్చి, డిజిటల్ సంతకం టోకెన్‌ను కవరులో పెట్టి సీలు వేసింది. ఆఫీసు రికార్డును సొంతంగా వెంట తీసుకుపోకూడదు. ఆమె నియమం తప్పే మనిషి కాదు, అదీ నాకు గిట్టేది కాదు. అహేరి బస్సుకు టైమవుతోందని నా చేతికి పెన్‌డ్రైవ్ ఇచ్చింది.

“సాహెబ్, గా చేన్ల పేర్ల ఫైలు జర దీంట్ల ఏసి కొత్తాయనకు ఇయ్యుండ్రి. వానకాలంల పనికొస్తది.”

సరేనన్నాను.

ల్యాప్‌టాప్‌ను ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితికి తేవడం పెద్ద విద్యేమీ కాదు. చార్జర్ పెట్టి ఉంచాలి, ఎందుకంటే మధ్యలో బ్యాటరీ అయిపోతే మిషను ఎటూ కాకుండా పోతుంది. సెట్టింగుల్లో రికవరీలోకి వెళితే అది రెండు దారులు చూపుతుంది: ఫైళ్లు ఉంచాలా, అన్నీ తీసేయాలా. మనిషి మారుతున్నప్పుడు రెండోదే నొక్కాలన్నది నియమం. నేను అదే నొక్కాను. అందులో తప్పు లేదు. అవసరమైన ఫైళ్ల నకలు ముందే తీసుకోవాలి, నేను తీయలేదు. మర్చిపోలేదు. పెన్‌డ్రైవ్ నా చొక్కా జేబులోనే ఉంది. శాతం అంకె పెరుగుతూ ఉంటే గంటకు పైగా చూస్తూ కూర్చున్నాను. హాయిగా అనిపించింది. చార్జి రిపోర్టులో ‘నకలు తీయడమైనది’ అన్న వరుస పక్కన సంతకం పెట్టాను.

జూలైలో ప్రాణహిత పొంగింది. నీళ్లు తగ్గకముందే, పరిహారం కోసం మునిగిన పొలాల మొదటి జాబితా పంపమని పైనుంచి ఒత్తిడి వచ్చింది. కొత్త తలాఠీకి ఊళ్లే తెలియవు. అందరూ మళ్లీ నా దగ్గరికే వచ్చారు. కుర్చీలో కూర్చుని తడుముకోకుండా పేర్లు చెప్పాను, అతను రాసుకున్నాడు. అలాంటి రోజు నాకు రెండేళ్ల తర్వాత వచ్చింది.

జాబితా అంటించిన మర్నాడు పోచయ్య అనే రైతు కచేరీకి వచ్చాడు.

“సార్, మునిగింది నేనేసిన నాటు. పేరేమో మా అన్న రాజన్నది వచ్చింది. ఏంది సార్ గిది? మడులు మార్చుకొని ఏండ్లాయె. మా అన్న ఏమనడు గని, సర్కారు కాగితం మీద పేరు చూసినంక ఆయన కొడుకులు ఊకుంటరా? ఇగ మడి మాదే అంటరు.”

ఆ మార్పిడి సంగతి నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా పాత సంగతే. పోచయ్య ఇక నన్ను అడగలేదు. వైశాలికి ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టాడు. ఆమె గట్ నంబరు, నాలుగు హద్దులు, మార్పిడి నాడు కూర్చున్న ఇద్దరు పెద్దమనుషుల పేర్లు ఏ కాగితమూ చూడకుండా చెప్పింది. తర్వాత, “ఫైలుల ఉన్నది గద, తెరిచి చూడుండ్రి” అంది. ల్యాప్‌టాప్ తనకు ఖాళీగా వచ్చిందని కొత్త తలాఠీ చెప్పాడు.

“సాహెబ్, మీరు కాపీ చేసిండ్రు గద?”

“చేయలేదమ్మా,” అన్నాను.

ఆమె ఎందుకని అడగలేదు. “సరే, ఆయన్ని రాసుకొమ్మనుండ్రి. యాదికున్నయన్నీ చెప్త,” అని ఊరి ఒక చివర నుంచి మొదలుపెట్టింది. నేను పుట్టి పెరిగిన తాలూకాలో, మా వాళ్లు నాకెన్నడూ చెప్పని సంగతులు ఆమె నోట విన్నాను. ఆ గదిలో నాకు సిగ్గు కన్నా ముందు అసూయే కలిగింది.

జాబితా దిద్దాము. పోచయ్య పేరు ఎక్కింది, రాజన్న ఒప్పుకోలు సంతకం పెట్టాడు. నా తప్పు మీద విచారణ ఏదీ జరగలేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

చార్జి మార్చేటప్పుడు నకలును తెరిచి చూడకుండా సంతకం చేయకూడదు. ఇది ఎవరైనా చెప్పే మాటే. నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. ఎవరి పని చూసి మనకు కడుపు మండుతుందో, ఆ మనిషి చార్జి మార్పిడికి మనం కూర్చోకూడదు. ఇంకొకరిని కూర్చోబెట్టమని పై అధికారికి రాసి ఇవ్వాలి. కారణం రాయవలసి వస్తే అదే రాయాలి. నేను రాయలేదు.