బోధన్ బస్సులో విన్న మాట

పెళ్ళయి ఏళ్ళు గడిచినా మాకు పిల్లలు లేరు. నా భార్యకు నెలసరి ఎప్పుడొస్తుందో తెలియదు. మేమేమో క్యాలెండరులో లెక్కపెట్టి, నెలసరి మొదలైన పద్నాలుగో రోజునే నమ్ముకున్నాం. బోధన్ బస్సులో ఆమె ఏడుస్తుంటే పక్కనున్న ముసలామె మెల్లగా అంది:

"చెరుకు తారీకు చూసి కొడ్తరా బిడ్డా? పక్వం చూసి కొడ్తరు. నీ ఒళ్ళు చూసుకో. తెల్లబట్ట గుడ్డుసొన లెక్క సాగినప్పుడు మొగన్ని ఇల్లు కదలనియ్యకు."

ఇదంతా నేనే అడిగి రాబట్టానని అందరికీ చెబుతుంటాను. నిజానికి అప్పుడు నోరు తెరిచి నిద్రపోతున్నాను.

ఆ తర్వాత ఒకరోజు నా భార్య నా సైకిల్ పట్టుకుంది.

"ఈయాల డ్యూటీకి పోకు."

"నేను పోకుంటే చక్కెర ఫ్యాక్టరీ ఆగిపోతది!"

నేను పోలేదు, అది ఆగలేదు. మాకు బిడ్డ పుట్టింది.

పేరు తెలియని ఆ అవ్వకు రోజూ దండం పెడతాను. రోజూ అంటే అబద్ధం. బిడ్డ నవ్వినప్పుడు మాత్రం మరవను.