మైసమ్మ లేని ఫొటో

పేరు ప్రశాంతి అని పెట్టినందుకు వాళ్ల నాయన బాలనర్సయ్యను బస్తీలో ఇప్పటికీ ఆటపట్టిస్తారు. పాలప్యాకెట్టు మీద రూపాయి ఎక్కువ అడిగిన దుకాణందారు మొదలుకొని, లిఫ్టుకు అడ్డంగా నిలబడి ఫోన్ మాట్లాడే మేనేజరు దాకా ఆమె నోటికి జడవనివాడు లేడు. కోపమొస్తే ముక్కు మీద చెమట పడుతుంది. అది చూసి ఎదుటివాడు సర్దుకోవాలి, లేదంటే వాడి ఖర్మ.

రాయదుర్గం మెట్రో దిగి కొండాపూర్ వైపు నడిస్తే, అద్దాల మేడల వెనక ఇంకా మిగిలిన పాత బస్తీ ఒకటి వస్తుంది. ఆమె పుట్టింది అక్కడే. బాలనర్సయ్య ఆటో నడిపి చదివించాడు. ఇప్పుడు ఆ బస్తీ కిటికీలోంచి కనిపించేంత దగ్గరలో, పదో అంతస్తులో ఉద్యోగం. ఇంకొకరు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె పని. దానికి జీతం కూడా ఇస్తారని తెలిసి తల్లి సత్తెమ్మ పడీపడీ నవ్వింది. "ఇంట్ల పుణ్యానికే చేస్తుంటివి గదనే!" అంది.

మొదటి బోనస్‌తో కెమెరా కొంది. కొండాపూర్‌లో వారానికోసారి కలిసే ఫొటోల బృందంలో చేరింది. దాన్ని నడిపేది శ్యామ్ గారని విజయవాడ నుంచి వచ్చి స్థిరపడిన పెద్దమనిషి. ఆయన వెంట రెండుసార్లు హిమాలయాల్లోని స్పితి లోయకు వెళ్లి, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా తెల్లవారుజామున మంచుకొండల ఫొటోలు తీసింది. తీయడం సగం పనేనని ఆయనే నేర్పాడు.

"కొండను ఉన్నదున్నట్టు చూపిస్తే ఎవరూ ఆగి చూడరండీ. చూసినవాడు జడుసుకోవాలి. కంటికి అడ్డమొచ్చింది ఏదైనా సరే, మొహమాటపడకుండా తీసేయండి."

ప్రశాంతికి మొహమాటం ఎప్పుడూ లేదు. నీడల్ని ఇంకా నలుపు చేసేది, అంచుల మీద వెలుగు పెంచేది, బోసిగా ఉన్న ఆకాశం తీసేసి ఎప్పుడో దాచుకున్న మబ్బుల్ని తెచ్చి అతికించేది. కరెంటు తీగో చెత్తకుప్పో అడ్డమొస్తే పక్కనున్న రాతిని అరువు తెచ్చి దాని మీద కప్పేది. అతుకు ఎక్కడుందో కనిపెట్టడం ఆ శ్యామ్ గారి వల్ల కూడా అయ్యేది కాదు.

సెలవు దొరకనప్పుడు బస్తీ వెనకున్న జంటగుండ్ల గుట్టే ఆమెకు హిమాలయం. ఒకదాని మీద ఒకటి పడతాయా పడవా అన్నట్టు నిలిచిన రెండు పెద్ద బండలు. నేల మీద బోర్లా పడుకుని, ఎదురుగా ఉన్నదాన్ని ఆకాశానికి సాగదీసే లెన్సుతో ఒక పొద్దున తీసిన ఫొటో ఆమెకు పేరు తెచ్చింది. మబ్బులు స్పితివి. తీగలు పోయాయి, నీళ్ల ట్యాంకు పోయింది. బండ కింద మోకాలెత్తున సున్నం కొట్టి, ఎర్రజాజు రంగు పట్టీలు వేసిన మైసమ్మ గుడి కూడా పోయింది. ఆ తెల్లటి ముక్క చూపును లాగేస్తోందని తీసేసింది. గుడి ముందు వంగి దీపం పెడుతున్న మనిషినీ తీసేసింది. ఇంటర్నెట్‌లో తన పేజీలో పెడితే వేలమంది ఆహా అన్నారు. ఇది హైదరాబాదేనా అని అడిగినవాళ్లకు గర్వంగా జవాబులిచ్చింది.

ఈ ఏడు వానలకు ముందు గుట్ట చుట్టూ నీలం రేకులు లేచాయి. టవర్లు కట్టే ఒక కంపెనీ స్థలమట. అడగబోయిన వాళ్లను కాపలావాళ్లు కర్రలతో తరిమారు. మూడోనాటికి మైసమ్మ గుడి లేదు. మట్టిలో ఎర్రజాజు పూసిన ఇటుక ముక్కలు మాత్రం కనిపించాయని పిల్లలు రేకుల సందులోంచి చూసొచ్చి చెప్పారు.

బస్తీ భగ్గుమంది. తాతల కాలం నుంచి ఆషాఢంలో బోనం ఎత్తే చోటు అది. ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా విచారణ పెట్టారు. గుడి ఉన్నట్టు రుజువైతే ఆ రెండు బండలనూ వాటి ముందు జాగానూ వదిలేయాలి, లేకపోతే అన్నిటికీ కలిపి మందుగుండు పెట్టేస్తారు. కంపెనీ మాత్రం అక్కడ గుడే లేదంటోంది.

"రుజువు గావాల్నా? నా దగ్గర పదేండ్ల ఫొటోలున్నయి. మొఖం మీద కొడ్త!" అని బస్తీ మీటింగులో ప్రశాంతి గర్జించింది. అందరూ చప్పట్లు కొట్టారు. సత్తెమ్మ అయితే కూతురి తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది.

ఆదివారం కూర్చుని వెతికింది. గుట్ట ఫొటోలు గుట్టలుగా ఉన్నాయి. సాయంత్రపు గుట్ట, వానలో గుట్ట, వెన్నెల్లో గుట్ట. ఒక్కదాంట్లో కూడా గుడి లేదు. ప్రతిసారీ ఎంత శ్రద్ధగా తీసేసిందో అప్పుడు అర్థమైంది. కెమెరా తీసిన అసలు ఫైళ్లు కావాలంటే, డిస్కు నిండిందని ఎప్పుడో తుడిచేసింది. పూర్తయిన బొమ్మ ఉండగా ముడిసరుకు దేనికి అనుకుంది. పేరు తెచ్చిన ఆ ఫొటో తెరిచి, గుడి ఉండాల్సిన చోట నున్నటి రాతిని చూస్తూ కూర్చుంది. ఆ పొద్దున అక్కడ దీపం పెడుతున్నది సత్తెమ్మే.

"దొరికినయా బిడ్డా?" అని వంటింట్లోంచి అడిగితే "ఆఁ, చూస్తున్న" అని కసిరింది. నిజం చెప్పే ధైర్యం చాల్లేదు. అంతమంది సాక్ష్యం చెబుతుంటే ఫొటోలతో పనేముందని తనకు తానే సర్దిచెప్పుకుంది.

విచారణ నాడు బస్తీ పెద్దలు ఒక్కొక్కరే సాక్ష్యం చెప్పారు. కంపెనీ తరఫున వచ్చిన జశ్వంత్ ఇస్త్రీ చొక్కాలో చిరునవ్వుతో విన్నాడు. వీళ్లంతా ఒకే బస్తీ వాళ్లండీ, ఒకే మాట చెబుతారండీ అన్నాడు. బస్తీ వాళ్లు ఫోన్లలో బోనాల ఫొటోలు చూపించారు. అన్నిటా మొహాలే, వెనక జానెడు తెల్లగోడ. ఇది ఏ గోడైనా కావచ్చండీ అన్నాడు. ప్రశాంతి ముక్కు మీద చెమట పట్టింది.

అప్పుడతను సంచిలోంచి పెద్ద ప్రింటు ఒకటి తీసి అధికారి ముందు పరిచాడు. స్పితి మబ్బుల కింద జంటగుండ్లు.

"మేడమ్, మీ ఫొటోలు నేను ఎప్పట్నుంచో చూస్తున్నానండీ. అద్భుతంగా తీస్తారు. ఇది మీదే కదండీ? మా కంపెనీ ఆ స్థలం కొనక ముందుదే కదా? ఇందులో గుడి ఎక్కడుందో మీరే కాస్త చూపించండి."

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. ఆ మర్యాదకు, ఆ అండీలకు ఆమె ఒళ్లు మండిపోయింది. ఆ ప్రింటును అక్కడే నాలుగు ముక్కలు చేసి అతని మొహాన కొట్టాలనిపించింది. కానీ ప్రింటు మూలన ఉన్న పేరు తనదే.

"అది ఎడిట్ చేసింది సర్. గుడి ఉండె. దాని ముంగట దీపం పెట్టే మనిషి ఉండె. నేనే తీసేసిన."

"అసలు ఫొటో ఉందా అమ్మా?" అని అధికారి అడిగాడు.

"లేదు."

"సర్, ఇంత చక్కగా తీసేయగలిగినవారు రేపు అంతే చక్కగా పెట్టి కూడా తేగలరండీ. ఆ సంగతి కూడా రాసుకోండి" అన్నాడు జశ్వంత్.

"నోర్ముయ్యి!" అని అరిచింది ప్రశాంతి. "గుడి కూలగొట్టింది నువ్వు! పొద్దుగాల లేసి దండం పెట్టుకునే జాగ అది!" అధికారి బల్ల మీద చరిచి కూర్చోమన్నాడు. ఇంకేదైనా ఆధారం దొరికితే తెమ్మని, అప్పటిదాకా పని ఆపమని తాను చెప్పలేనని రాసి సంతకం చేశాడు.

బయట వరండాలో బస్తీ వాళ్లెవరూ ఆమెతో మాట్లాడలేదు. ఊరి మీద పడి అందరి తప్పులూ పట్టే మనిషి ఇంట్లో కూర్చుని చేసిన పని ఇది. తన మీద తనకు అంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు. సత్తెమ్మ మాత్రం దగ్గరికొచ్చి నిలబడింది.

"ఆ బొమ్మల దీపం ముట్టిస్తున్నది నేనేనా?"

"నువ్వేనే."

"నన్ను గూడ తీసేసినవా?"

ప్రశాంతి తల ఊపింది.

"ఎందుకే? నేనేం అడ్డమొచ్చిన్నే నీకు?" సత్తెమ్మ గొంతు వరండా అంతా మోగింది. "ఆ కంపెనీ బాడ్కావ్‌కు జేసీబీ గావాల్సొచ్చింది. నువ్వు కుర్చీల కూసొనే మైసమ్మను లేకుండ జేస్తివి!"

ప్రశాంతి కెమెరా సంచి భుజానికి తగిలించుకుని తల్లి వెనకే ఆటో దాకా నడిచింది.

సత్తెమ్మ ఆటో ఎక్కి ఇంటికి పోనియ్యమనలేదు. గుట్ట దగ్గరికి పోనియ్యమంది. బాలనర్సయ్య బండి అటు తిప్పాడు. మిట్టమధ్యాహ్నం. ఫొటోలు తీసేవాళ్లెవరూ కెమెరా బయటికి తీయని ఎండ. రేకుల గేటు లారీ కోసం తెరిచి ఉంది. కాపలావాడు తేరుకునేలోపు సత్తెమ్మ లోపలికి దూసుకుపోయి, బండ ముందు మట్టిలో కూలబడి, ఎర్రజాజు అంటిన ఇటుక ముక్కలు మూడు ఏరి నిలబెట్టింది. కొంగున కట్టుకున్న పసుపు విప్పి వాటికి పూసింది. విచారణ గెలిస్తే అటు నుంచి అటే వచ్చి మొక్కు తీర్చుకుందామని తెచ్చుకున్న పసుపు అది.

"ఏయ్ ముసల్దానా! ఇప్పుడు రాళ్లు పెట్టి గుడి అంటవా?" అని కాపలావాడు కర్ర లేపాడు.

"అవ్! ఇప్పుడే పెట్టిన! రాసుకోపో నీ సార్‌కు!" అని సత్తెమ్మ లేచి నిలబడింది. "ఏందే చూస్తున్నవ్? తియ్యి! వాడు పడాలె, వాని కర్ర పడాలె, జేసీబీ పడాలె, నేను పడాలె!"

ప్రశాంతి కెమెరా తీసింది. పడుకోలేదు, కోణం వెతకలేదు. నిలబడ్డ చోటి నుంచే తీసింది. మళ్లీ తీసింది, మళ్లీ తీసింది. సగం తొలిచిన బండ, బోసి ఆకాశం, తీగలు, నీలం రేకులు, జేసీబీ, లేపిన కర్ర, పసుపు చేతులతో అరుస్తున్న తల్లి. అందులో ఏదీ అందంగా లేదు.

అక్కడే నిలబడి వాటిలో ఒకదాన్ని ఫోన్‌లోకి ఎక్కించి, పాత ఫొటో ఉన్న పేజీలోనే పెట్టింది. పాతదాని కింద తన చేత్తో రాసింది: ఇది అబద్ధం, ఇక్కడ మైసమ్మ గుడి ఉండేది, మా అమ్మ ఉండేది, ఇద్దర్నీ తుడిచేసింది నేనే. రాస్తుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా ఒక్క మాట కూడా తగ్గించలేదు.

సత్తెమ్మ వచ్చి భుజం మీంచి తెరలోకి తొంగి చూసింది. తన బొమ్మ మీద పసుపు వేలు ఆనించి, ఉన్నానని రూఢి చేసుకుంది.

"ఇగ గిది ప్రింటు తీస్కొని రమ్మను వాణ్ణి" అంది.