కోటు అక్కర్లేని వాన

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ చిన్నప్పటినుంచీ తిట్టేది. ఆ తిట్టు ఎంత నిజమో దోహాకి వచ్చాక, మదీనత్ ఖలీఫాలో ఒక విల్లా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ తెలుసుకున్నాను. తొంభైల మధ్యలో సంగతి. అప్పటికి ఆ ఇంట్లో చేరి రెండేళ్ళయింది. వంట, ఇల్లు, నాలుగేళ్ళ పాప, అన్నీ నా డ్యూటీయే.

మేడమ్‌ది నార్వే. సారు దుఖాన్ చమురు బావుల దగ్గర ఇంజనీరు. వారమంతా అక్కడే కంపెనీ క్వార్టర్లో ఉండి గురువారం మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. మేడమ్ వాళ్ళమ్మ ఒక్కతే నార్వేలో, సముద్రం ఒడ్డున ఒక చలి నగరంలో ఉండేది. మేడమ్‌ని మేడమ్ అంటాను కాబట్టి వాళ్ళమ్మని పెద్దమేడమ్ అన్నాను. ప్రతి శుక్రవారం పొద్దున పదింటికి ఆవిడ ఫోన్ చేసేది. మేడమ్ తోటలో ఉంటే నేనే ఎత్తేదాన్ని. నా ఇంగ్లీషు అడ్డదిడ్డం. ఆవిడది నాకన్నా ఒక మెట్టు పైన, అంతే. అయినా మా ఇద్దరికీ చాలినంత మాట్లాడుకునేవాళ్ళం. ఏం వండుతున్నావు అనేది, చెప్పేదాన్ని. మీ దగ్గర ఎండా అనేది. "ఎండే పెద్దమేడమ్, ఈ ఊళ్ళో ఇంకేముంది!" అంటే ఆవిడ నవ్వేది. "ఇక్కడ వాన. నిన్నా వానే, రేపూ వానే" అనేది. ఎంత అదృష్టమో అని నేను లోపల కుళ్ళుకునేదాన్ని.

ఒక జనవరిలో ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. లావుపాటి నల్ల పెన్నుతో, పేజీకి నాలుగే లైన్లు. మేడమ్ వంటింట్లో నిలబడే చదివి, కుర్చీలో కూలబడి ఏడ్చింది. పెద్దమేడమ్ కళ్ళు పోతున్నాయట. డాక్టరు ఒక్క ఏడాది అన్నాడట, ఆ తర్వాత వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదట. చూపు ఉండగానే ఒక్కసారి కొబ్బరిచెట్లున్న ద్వీపంలో నీలంరంగు సముద్రం చూడాలి, అది కూతురి పక్కన కూర్చుని చూడాలి. ఉత్తరంలో ఆవిడ అడిగింది అదొక్కటే.

ఆ రోజు నుంచి మా ఇల్లంతా మాల్దీవులే. అక్కడ పెద్దమేడమ్ పట్టపగలే దీపం పెట్టుకుని, భూతద్దంతో పుస్తకాల్లో బొమ్మలు వెతికి, కత్తిరించి, కవర్లో పెట్టి పంపేది. ఇక్కడ మేడమ్ వాటిని ఫ్రిజ్ తలుపు మీద అతికించేది. తాటాకు కప్పిన గుడిసెలు, తెల్ల ఇసుక, ఇంతలేసి పీతలు. ఇసుక కాళ్ళకి కాలుతుందా, గదినుంచి నీళ్ళకి ఎన్ని మెట్లు దిగాలి, రాత్రి దోమలుంటాయా అని వారానికో ప్రశ్న. అన్నింటికీ పక్కన ఇంకో మాట ఉండేది: మీ వంటమనిషిని అడుగు, ఆ అమ్మాయిది ఆ వైపే కదా.

మాది రాయచోటి దగ్గర పల్లె. నేను సముద్రంలో కాళ్ళు పెట్టిందే ఖతర్‌కి వచ్చాక, అల్ వక్రాలో. కానీ మా ఊరివాళ్ళకి గల్ఫంతా కువైట్ అయినట్టు, పెద్దమేడమ్‌కి ఇండియా, మాల్దీవులు ఒకే ఇంటి పెరడు. తప్పు పట్టలేం. తెలియదని చెప్పాలని నాకూ అనిపించలేదు. పనిమనిషిని అభిప్రాయం అడిగే ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? ఇసుక కాలదు, దోమలు లేవు, మెట్లు తక్కువే అని చెప్పుకుంటూ పోయాను.

ఒకనాడు మేడమ్ క్యాలెండర్ పట్టుకుని వచ్చింది. "మీ వైపు అన్నిటికన్నా మంచి నెల ఏది?"

ఇది కూడా ఒక ప్రశ్నేనా? ఉల్లిపాయల మీదనుంచి తల కూడా ఎత్తలేదు. "జులై, ఆగస్టు. కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు మేడమ్. చల్లగా, పచ్చగా, లోకమంతా అప్పుడే బాగుంటుంది." పాప నర్సరీకి సెలవులు కూడా అప్పుడే. మేడమ్ జులైలో పదిరోజులకి ఎర్ర పెన్నుతో గీత గీసింది. సారు కూడా సెలవు దొరికేది అప్పుడే అని సంతోషించాడు తప్ప ఇంకేమీ అడగలేదు. గదులు, టిక్కెట్లు అన్నీ అయిపోయాయి.

పక్క విల్లాలో ఖతరీ కుటుంబానికి కోనసీమ మనిషి డ్రైవరు. నాకు అన్నలాంటివాడు, సాయంత్రం పూట వెనక తలుపు దగ్గర టీ తాగిపోయేవాడు. ఏప్రిల్లో ఒక మంగళవారం ఫ్రిజ్ మీది బొమ్మలు చూసి, ఎప్పుడంట ప్రయాణం అన్నాడు. జులైలో అన్నాను. గ్లాసు కింద పెట్టేశాడు.

"జులైలోనా? ఎవడే బాబూ ఆ సలహా చెప్పింది?"

"నేనే చెప్పినా. ఏంటికి, మంచి నెల కాదా?"

"కొంప ముంచావు కదే చెల్లెమ్మా! ఆ నెల్లో అక్కడ వానలే వానలు. సముద్రం నీలంగా ఏం ఉంటది, నల్లగా పొంగి పడతా ఉంటది. మా కోనసీమలో జులై వచ్చిందంటే గొడుగు లేకుండా గుమ్మం దాటం."

"వానొస్తే మంచిదే గదన్నా!"

అన్న నా మొహంలోకి జాలిగా చూశాడు. "మీ కడపోళ్ళకి మంచిదేనే తల్లీ. ఆ పెద్దావిడ పుట్టి బుద్ధెరిగినకాడ్నుంచీ వానలోనే ఉంది కదా. వానలోంచి పారిపోయి ఎండ చూద్దామని వస్తంటే, తీసుకెళ్ళి మళ్ళీ వానలోనే పడేశావు."

మా ఊళ్ళో మంచి నెల ఏదని పసిపిల్లని అడిగినా జులై అంటుంది. విత్తనం వేసే నెల అది. వాన ఒక చెడ్డ సంగతి అయ్యే దేశాలు ఉంటాయని నాకు తట్టనే లేదు. అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. వానలు తగ్గేదాకా ప్రయాణం వాయిదా వేస్తే మళ్ళీ డిసెంబరు. డిసెంబరు దాకా ఆ కళ్ళు ఆగుతాయని ఏ డాక్టరూ చెప్పలేదు.

"ఎవరికీ చెప్పకు" అన్నాడు అన్న. "ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు. అక్కడికెళ్ళాక వానొస్తే దేవుడి మీదకి పోద్ది, నీ మీదకి రాదు."

మాట మంచిదే. ఆ ఇంట్లో నేను అబద్ధాలు ఆడలేదని కాదు. పగలగొట్టిన కప్పులు రెండు పిల్లి మీదకి తోశాను. పాపకి జ్వరం నేను పెట్టిన ఐస్‌క్రీము వల్లేనని ఈనాటికీ వాళ్ళకి తెలియదు. కానీ బుధ, గురువారాలు ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా ఆ నీలం బొమ్మలు కనిపిస్తుంటే అన్నం సహించలేదు. ఆ కత్తిరింపులు ఎంత వంకరగా ఉన్నాయో అప్పుడే గమనించాను. గీత కనపడక, తడుముకుంటూ కత్తిరించినవి.

శుక్రవారం పొద్దున, సారూ మేడమూ ఇద్దరూ బల్ల దగ్గర ఉండగా చెప్పేశాను. సారు తల పట్టుకుని, "నేనెలా చూసుకోలేదు!" అన్నాడు. మేడమ్ మాత్రం "నిన్ను నమ్మాను" అంది. తిట్టి ఉంటే బాగుండేది. మా వాళ్ళయితే నాలుగు తిట్టి, కాసేపటికి అన్నం తిన్నావా అని అడుగుతారు. ఈవిడ ఆ ఒక్క మాట అని కప్పులోకి చూస్తూ కూర్చుంది.

పదింటికి ఫోన్ మోగింది. మేడమ్ వాళ్ళ భాషలో మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ జులైలాంటి మాట రెండుసార్లు వినబడింది. చివరికి నావైపు రిసీవర్ చాచి, "నీతో మాట్లాడతానంటోంది" అంది.

"పెద్దమేడమ్, తప్పైపోయింది" అన్నాను.

"అది తర్వాత. నాకొకటి చెప్పు. మీ ఊళ్ళో వానని ఎందుకు మంచిదంటారు?"

ఎందుకంటారో ఏమని చెప్పను? గాలి పీల్చడం ఎందుకు మంచిది అంటే ఏం చెబుతాం? అయినా నోరు తెరిచాక ఆగుతుందా. చెప్పాను. వాన రాకపోతే కప్పను రోకలికి కట్టి, దాని మీద వేపాకు కప్పి, ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు పోయించుకునేవాళ్ళమని చెప్పాను. వానొస్తే పిల్లలం బట్టలు విప్పేసి వీధిలో పడేవాళ్ళమని, ముసలివాళ్ళు కూడా చూరు కింద తల పెట్టేవాళ్ళని, మా అమ్మ పొయ్యి మీద శనిక్కాయలు ఉడకేసేదని చెప్పాను. వచ్చినంత ఇంగ్లీషు వాడాను, రానిచోట తెలుగే వాడాను.

ఆవిడ మధ్యలో ఆపింది. "ఉండు. బట్టలు లేకుండానా? చలి వెయ్యదా?"

"చలెందుకు పెద్దమేడమ్? వెచ్చని వాన. ఎండకి కాగిన నేల మీద పడుతుంది కదా."

"కోటు అక్కర్లేదా?"

"కోటా! చెప్పులే అక్కర్లేదు."

ఆవిడ మెల్లిగా అంది: "నాకు డెబ్భై నాలుగేళ్ళు. అన్నేళ్ళూ వానలోనే బతికాను. ఒక్కసారి కూడా కోటు లేకుండా తడవలేదు. అలా తడవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు." గొంతు తగ్గించి, "నీలం నాకిప్పటికే సరిగా కనపడటం లేదు, మా అమ్మాయికి చెప్పకు. జులైలోనే వెళ్దాం" అంది.

రిసీవర్ మేడమ్‌కి ఇచ్చేసి, వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ కనపడని నీలం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఇంకొకరి గుట్టు కోసం నా నోటికి తాళం పడింది ఆ ఒక్కసారే.

జులైలో వాళ్ళు వెళ్ళారు. దోహాలో పొయ్యి మీద పెనంలాంటి ఎండ. ఖాళీ ఇంట్లో మొక్కలకి నీళ్ళు పోస్తూ, నీలం కనబడేలా ఒక్క రోజైనా ఎండ కాయించు స్వామీ అని ఒక పూట, వాన కురిపించు స్వామీ అని ఇంకో పూట మొక్కుకున్నాను. ఏది అడగాలో నాకే తెలియలేదు.

పదిరోజుల్లో ఏడు రోజులు వానేనట. మేడమ్ తిరిగొచ్చాక ఫోటో చూపించింది. సారు తీశాడు, కెమెరా అద్దం మీద నీటి చుక్కలు పడి సగం మసక. పెద్దమేడమ్ పల్చని నూలు గౌనులో, ఉత్త కాళ్ళతో ఇసుక మీద నిలబడి ఉంది. తెల్లజుట్టు నెత్తికి అతుక్కుపోయింది. హోటలు కుర్రాళ్ళు గొడుగులు పట్టుకుని పరిగెత్తుకొస్తే అందరినీ కసిరి పంపేసిందట. ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కనే మేడమ్, తనూ ముద్దగా తడిసి, నోరంతా తెరిచి నవ్వుతోంది.

"మా అమ్మని నేను ఎప్పుడూ అలా చూడలేదు" అంది మేడమ్. తర్వాత నన్ను గట్టిగా కావలించుకుంది. "నీ నెల మంచి నెలే."

మరుసటేడు వేసవికి పెద్దమేడమ్ కళ్ళు పూర్తిగా పోయాయి. ఫోన్లు మాత్రం ఆగలేదు. ఏం వండుతున్నావు, మీ దగ్గర ఎండా అని అవే ప్రశ్నలు.

ఆ తర్వాతి జనవరిలో ఒక శుక్రవారం, సారుకి ఆ వారం సెలవు దొరక్క మేడమ్, పాప దుఖాన్ వెళ్ళారు, ఇంట్లో నేనొక్కదాన్నే. పొద్దున్నే మబ్బు పట్టింది. దోహాలో వానంటే ఏడాదికి నాలుగుసార్లు వస్తే గొప్ప. పదింటికి ఫోను, వాన ఒకేసారి మొదలయ్యాయి.

"అదేం చప్పుడు?" అంది ఆవిడ.

"వాన పెద్దమేడమ్! ఇక్కడ వాన!"

"నాకు వినిపించు."

ఫోను తీగ ఎంత సాగుతుందో అంతా లాగి, వెనక తలుపు తెరిచి, గ్యాస్ బండల మీది రేకు వైపు రిసీవర్ పట్టుకున్నాను. రేకు మీద వాన దడదడా వాయిస్తోంది. చెయ్యి నొప్పి పుట్టేదాకా పట్టుకున్నాను. మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంటే ఆవిడ ఊపిరి వినబడింది.

"నువ్వు తలుపు దగ్గర నిలబడి ఏం చేస్తున్నావు?" అంది. "వెళ్ళు. కోటు లేకుండా వెళ్ళు. వచ్చి చెప్పు ఎలా ఉందో."

రిసీవర్ గడప మీద పెట్టి, చెప్పులు విడిచి, వెనక పెరట్లోకి నడిచాను. అది మా ఊరి జులై వాన కాదు. దోహా జనవరి వాన, మీద పడితే ఐసు నీళ్ళు. గాలికి ఒళ్ళు గజగజలాడింది. అయినా నిలబడ్డాను. జుట్టు తడిసేదాకా, జాకెట్ ఒంటికి అతుక్కునేదాకా నిలబడి, నీళ్ళు కారుతూ వచ్చి రిసీవర్ అందుకున్నాను.

"చెప్పు" అంది ఆవిడ. "అలాగే ఉందా?"

పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. వాటిని బిగబట్టి, "వెచ్చగా ఉంది పెద్దమేడమ్" అన్నాను. "కోటు అక్కర్లేదు."