దొడ్లో పరిచిన నాపబండలు

నేను పుట్టిన పల్లె ఎ.కొండూరు పక్కన. బడి వాగు అవతల ఉండేది. మగపిల్లలు లాగులు పైకి మడిచి వాగు దాటి వెళ్ళేవాళ్ళు. ఆడపిల్లల్ని పంపేవాళ్ళు కాదు. మనవలకు పెళ్ళిళ్ళయ్యాక వయోజనుల బడిలో అక్షరాలు దిద్దాను. అందుకే పెళ్ళయిన కొత్తలో సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

అవి యాభైల నాటి రోజులు. తిరువూరులో మా అత్తవారిది మామగారి తాతగారు కట్టించిన డంగుసున్నం ఇల్లు. అత్తగారు లేరు. మామగారూ మా ఆయనా పొద్దున్నే కొట్టుకు వెళితే మళ్ళీ భోజనానికే రావడం. మా ఆయన ఉప్పు కావాలన్నా చేత్తోనే చూపించేవారు. అన్ని గదుల్లోనూ నేనొక్కదాన్నే.

దొడ్లో మంచినీళ్ళ బావి ఉండబట్టి మనుషుల మాట వినేదాన్ని. చుట్టుపక్కలవన్నీ ఉప్పునీళ్ళు. వెనక వీధి ఆడవాళ్ళు దొడ్డి గుమ్మంలోంచి బిందెలతో వచ్చేవాళ్ళు. తోడేది కాసేపు, కూర్చునేది చాలాసేపు. వాళ్ళలో ఒక పెద్దావిడ నోటికి అడ్డు లేదు.

"ఏమే షావుకారు కోడలా, నీళ్ళు కూడా తూకం వేసి పోస్తాడా మీ మామ?"

"తూకం వేస్తే నీ బిందె చిల్లు బయటపడుతుంది పిన్నీ."

ఒక వానాకాలం బావి దగ్గర జారి పడ్డాను. మామగారు చూశారు. వానలు తగ్గాక లారీలో నాపబండలు దిగాయి. వంటింటి నుంచి బావికి, బావి నుంచి దొడ్డి గుమ్మానికి బాట వేయించారు. బావి చుట్టూ కూర్చోవడానికి వెడల్పాటి చప్టా కట్టించారు. పాత ఇంటికి కళ వచ్చిందన్నారు అందరూ.

"ఇక నీ కాళ్ళకి మట్టి అంటదమ్మా," అన్నారు మామగారు. నాకూ సంతోషమే వేసింది.

పని ముగిశాక ఆడవాళ్ళు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"వద్దులెండి అమ్మాయిగారూ," అంది ఆ పెద్దావిడే. "పొలం నుంచి వస్తున్నాం, కాళ్ళ నిండా బురద. రెండు చేదలు ఇక్కడికే తెచ్చి పొయ్యండి."

"పిన్నీ, ఇది దొడ్డే."

"దొడ్డేగాని, మా ఇంట్లో అన్నం తినే చోటు కూడా ఇంత నున్నగా లేదండీ."

తోడి తెచ్చి పోశాను. బిందెలెత్తుకుని వెళ్ళిపోయారు. నాచేత మోయించడం మొహమాటమై రావడం తగ్గించారు. ఒకరోజు ఎవరూ రాలేదు. చప్టా మీద కూర్చున్నాను. బండలు చల్లగా, శుభ్రంగా ఉన్నాయి. తుడవడానికి ఒక్క అడుగు మరక లేదు. మామగారితో ఏమని చెప్పను? నాకోసమే వేయించారాయన.

మర్నాడు తెల్లవారగానే పేడనీళ్ళు కలిపి, బావి నుంచి దొడ్డి గుమ్మం దాకా బండలన్నిటి మీదా చిక్కగా కళ్ళాపి చల్లాను, మట్టి వాకిట్లో చల్లినట్టే. మామగారు పళ్ళపుల్లతో వచ్చి నిలబడిపోయారు.

"అదేంటమ్మా, బండల మీద?"

"వాళ్ళు తొక్కడానికి మామయ్యగారూ," అన్నాను తల దించుకునే.

నేను వెళ్ళి దొడ్డి తలుపులు రెండూ బార్లా తీసి, అక్కడే నిలబడ్డాను.