గోడ నడిమధ్యలో జానెడు చోటు

2023 వేసవి. నేను నెల్లూరులో ఇంటీరియర్ పనులు చేస్తాను. అల్లూరు దగ్గర రొయ్యల గుంటల నడుమ ఉన్న ఓ ఊరి నుంచి విజయమ్మ గారు ఫోన్ చేశారు. "గదికి వెలుతురు కావాల. గోడలకు మాత్రం పెయింట్ కొట్టకూడదు. ఒప్పుకుంటేనే రా," అన్నారు. ఆ షరతు నాకు నచ్చింది. చీకటి గది అనగానే తెల్ల పెయింట్ డబ్బా మూత తీసేవాళ్లను చూసి చూసి విసిగిపోయి ఉన్నాను.

వెళ్లి చూస్తే, ముందుగది గోడలన్నిటికీ కప్పుదాకా టేకు ప్యానెలింగ్, అంటే గోడ కనబడకుండా బిగించిన చెక్క పలకలు. నల్లగా, జిగటగా మెరుస్తున్నాయి. విజయమ్మ గారు ఆ గదిలో చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతారు. పట్టపగలు ట్యూబులైటు కింద కూడా సూదిలో దారం ఎక్కక పిల్లలు గుమ్మం దగ్గరికి పోతున్నారు.

ఆ ఇంటికి పెద్ద విజయమ్మ గారి బావగారు, రాఘవయ్య గారు. ఆయనది ఒకటే మాట. "తెల్లగా పెయింట్ కొట్టించు. లేదంటే నీ కుట్టుమిషన్లు గొడ్ల కొట్టంలో పెట్టుకో."

"చెక్కది ఈ రంగు కాదు బావగారూ. నేను కాపురానికొచ్చినప్పుడు తేనెరంగులో ఉండింది."

"నీకేం తెలుసు? మొదట్నించీ ఇట్టనే ఉండింది."

ఇంట్లో ఎవరూ ఆవిడ మాట నమ్మడం లేదు. పెయింట్ పడితే ఆ సంగతి ఇక ఎప్పటికీ తేలదు. ఆవిడ పంతం ఎందుకో నాకప్పుడు అర్థమైంది.

పలకను గోటితో గీరాను. గోటి సందులోకి ముదురు జిగురు వచ్చింది. వార్నిష్ ఎవరు వేస్తారని అడిగాను.

"నేనే. ఏటా వానలకు ముందు ఒక పూత. ఉప్పుగాలికి చెక్క పాడైపోదా?" అన్నారు రాఘవయ్య గారు గర్వంగా.

మా తీరంలో చాలా ఇళ్లలో జరిగే తప్పే ఇది. పాత పూత తీయకుండా దాని మీదే కొత్త పూత. ఏళ్లు గడిచేకొద్దీ అన్నీ కలిసి నల్లబడతాయి. గదిని చీకటి చేసింది ఆయన శ్రద్ధే. ఆ మాట ఆయన ముఖానే చెప్పాను. ఆయన నావైపు చూడటం మానేశారు.

ఇలాంటి పనిలో ముందు టెస్ట్ ప్యాచ్ చేస్తాం. అంటే కొద్ది చోట గీకి చూడటం. ఎవరైనా తలుపు చాటునో బీరువా వెనకో చేయిస్తారు. విజయమ్మ గారు బావగారి పడక్కుర్చీకి సరిగ్గా ఎదురుగా, గోడ నడిమధ్యలో వేలు పెట్టారు.

"ఈడ గీకు. చాటుగా చేసేదానికి నేనేమన్నా దొంగతనం చేస్తుండానా?"

"గోడ చెడితే?" అన్నారాయన.

"చెడితే మీరు చెప్పిన పెయింటే కొట్టిస్తా. మిషన్లు కూడా కొట్టంలోకే పోతాయి."

నాకు భయం వేసింది. చెక్కకే నల్లరంగు పట్టించి ఉంటే నేను చేయగలిగేది ఏమీ లేదు. వార్నిష్‌ను వదిలించే రిమూవర్ పూసి, పాత పూత పొంగాక గీకే రేకు, స్క్రేపర్‌తో లాగాను. తారులాంటి మడ్డి వచ్చింది. రాఘవయ్య గారు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మళ్లీ పూసి మళ్లీ లాగాను. జానెడు చోటులో చెక్క బయటపడింది. తేనెరంగే.

కుడుతున్న పిల్లలు మిషన్లు ఆపి చూశారు. విజయమ్మ గారు అక్కడ అరచెయ్యి ఆనించి, ఎవరివైపూ చూడకుండా, "నేను చెప్పలా?" అన్నారు.

తరువాతి పని కష్టమే గానీ కంగారు లేదు. గోడలన్నీ గీకి, ఉప్పుగాలికి తట్టుకునే మ్యాట్ ఫినిష్, అంటే మెరుపు లేని పూత, వేశాం. తూర్పు కిటికీకి అడ్డంగా ఉన్న షోకేసు జరిపించాను. కప్పుకు సున్నం, కిటికీలకు పల్చటి నూలు తెరలు, గోడల మీదికి వెలుగు పారించే వాల్ వాషర్ లైట్లు. గోడకు పెయింట్ చుక్క తగలనివ్వలేదు.

చివరి రోజు రాఘవయ్య గారు గోడలు తడుముతూ గదంతా తిరిగారు.

"బాగానే ఉండాది. వానలొస్తుండాయి గదా, నా వార్నిష్ డబ్బా యాడ పెట్టినారు?"

గదిలో దూరపు మూలన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్న విజయమ్మ గారు తల ఎత్తలేదు. "పారేసినా బావగారూ," అన్నారు.

ఇప్పుడు ఎవరింట్లో అయినా పాత చెక్కను చూపించి పెయింట్ అంటే, నేను ముందు స్క్రేపర్ తీస్తాను. ఇంటి పెద్ద కూర్చునే కుర్చీ ఎక్కడో అడిగి, దానికి ఎదురుగానే మొదలుపెడతాను.