పులి పిస్తోలుతో పరుగు పందెం

నా కుడి కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని చోటు ఒకటుంది. చిటికెన వేలి గోరంత. కొత్తవాళ్ళు దాన్ని చూసి, "చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డారా?" అని జాలిగా అడుగుతారు. నేను గంభీరంగా, "లేదండీ, తుపాకీ దెబ్బ" అంటాను. వెంటనే వాళ్ళ కళ్ళల్లో గౌరవం పుడుతుంది. అది చల్లారకముందే నేను మాట మార్చేస్తాను. ఎందుకంటే ఆ రోజు తుపాకీ పట్టుకున్నది శత్రువు కాదు, నేనే.

ఇవాళ మాత్రం మాట మార్చను. ఒక్క పేలుడుతో నా కనుబొమ్మ, ఒక పెద్దమనిషి తెల్ల చొక్కా, కుండెడు మజ్జిగ, వీటన్నిటికీ మించి ఒక ఆడపిల్ల చదువు ఎట్లా ప్రమాదంలో పడ్డాయో ఉన్నదున్నట్టు చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఇన్నేళ్ళయ్యాక నొప్పి తగ్గింది.

డెబ్బైల నాటి మాట. బాన్సువాడలో ఒక బడికి నేను కొత్త డ్రిల్లు మాస్టర్ని. వయసు ఇరవై నాలుగు. నేలను ఊడ్చే బెల్ బాటం ప్యాంటు, దవడల దాకా దిగిన చెంప జుట్టు, మెడలో ఈల. రుద్రూరులో మా అమ్మ నా అవతారం చూసి, "సర్కస్‌ల గిట్ల చేరినవా బిడ్డా?" అని బెంగపడింది. ఉద్యోగం తాత్కాలికమే కానీ నా నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు. మొదటి రోజే స్టాఫ్ రూములో కాలు మీద కాలేసుకుని, "కాలేజీల ఎన్.సి.సి. చేసిన. షూటింగ్‌ల నన్ను మించినోడు లేకుండె" అని ప్రకటించాను.

మీ దగ్గర దాపరికం ఎందుకు? అప్పటిదాకా నేను కాల్చినవి మొత్తం ఐదు గుండ్లు. అదీ చిన్న రైఫిల్‌తో, నేల మీద బోర్లా పడుకుని. అందులో నాలుగు ఎటు పోయాయో దేవుడికే తెలియాలి. ఐదోది గురి అట్టకే తగిలింది, కానీ అది పక్కవాడి అట్ట.

ఆ బడిలో తొమ్మిదో తరగతిలో రుక్కి అనే అమ్మాయి ఉండేది. నాలుగు మైళ్ళ అవతలి తండా నుంచి రోజూ కాలినడకన వచ్చేది. నడక అన్నానా, తప్పు. ఆ పిల్లకు నడవడం రాదు. నేను సైకిల్ మీద వెనకే వస్తుంటే కాలువ గట్టు మలుపులో నా కోసం ఆగి, "జర జల్ది తొక్కుండ్రి సార్, గంట కొడ్తరు" అనేది. అంత వేగం ఉన్న పిల్ల, అంతకు ముందు ఏడాది తాలూకా పోటీల్లో అందరికన్నా చివర వచ్చిందట. చివర అనడం కూడా మర్యాదకే. అసలు గీత దాటలేదు. తుపాకీ పేలగానే మిగతా వాళ్ళంతా పరుగెత్తారు, రుక్కి మాత్రం చెవులు మూసుకుని నేల మీద బోర్లా పడిపోయింది.

"ఎందుకు పడ్డవ్ బిడ్డా?" అని అడిగాను.

"తుపాకి పేలింది గద సార్."

"పేల్తే ఉరకాలె గద!"

రుక్కి నన్ను లోకం తెలియని మనిషిని చూసినట్టు చూసింది. "పేల్తే పండుకోవాలె సార్. చెరుకు తోటల కాడ అడవి పందుల కోసం షికారోళ్ళు తిర్గుతరు. చప్పుడు ఇనంగనే ఏడున్నోళ్ళు ఆడ్నే బోర్ల పడాలె, లేవొద్దు అని మా నాయిన చెప్పిండు. మా తండల గింతంత పోరలు గూడ పడ్తరు."

ఆ తండ్రి ఒకరోజు బడికి వచ్చాడు. కోపంగా కాదు, చాలా మెల్లగానే మాట్లాడాడు. "సార్, నిజామాబాద్‌ల ఆటల హాస్టలు ఉన్నదంట గద. ఆడ తిండి, సదువు అన్నీ వాళ్ళే జూస్తరంట. గీసారి సీటు దొరికితె మంచిది. దొరకకుంటె పొల్లను చెరుకు కొట్టనీకి తీస్కపోత. నేనేం జేయాలె, ఇంట్ల కష్టమైతుంది."

నేను ఛాతీ విరుచుకుని, "ఫికర్ జెయ్యకు, నేనున్న గద" అన్నాను. ఆ వయసులో నేనున్నానన్న మాట నాకు అంత సులువుగా వచ్చేది.

రుక్కి భయం పోగొట్టడానికి నేను చేయని చప్పుడు లేదు. చెవి పక్కన కాగితం సంచులు పేల్చాను. రేకు డబ్బాలు బాదాను. దీపావళికి మిగిలిన లక్ష్మీ బాంబు ముట్టించాను. ఆ పిల్ల కన్నార్పలేదు. "గది పటాక సార్, తుపాకి గాదు" అని ఓపిగ్గా చెప్పింది. బాంబు చప్పుడుకు బల్ల కింద దూరింది మా తెలుగు మాస్టారు ఒక్కరే.

అంతలో హెడ్మాస్టరు గారు ఒక ఉత్తరం పట్టుకుని వచ్చారు. మా బడి ఆటల రోజున హాస్టలుకు పిల్లల్ని ఎంపిక చేయడానికి నిజామాబాదు నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడు. పందేలు తుపాకీ చప్పుడుతోనే మొదలుకావాలట. ఈలకు పరుగెత్తే పిల్లల్ని ఆయన లెక్కలోకి తీసుకోడట.

"మన బడిల తుపాకి ఏడిది సార్?" అన్నాను.

"తుపాకిదేముందయ్యా, ఎక్కడన్న దొర్కుతది. షూటర్ దొరకుడు కష్టం. అదృష్టం కొద్దీ నువ్వున్నవ్!" అన్నారాయన నా భుజం తట్టి.

నా నోరు తవ్విన గోతిలో నేను పడటం అక్కడే మొదలైంది.

తుపాకీ పాత బజారులో దొరికింది. గడియారాలు బాగుచేసే ఖాదర్ చాచా దగ్గర వాళ్ళ నాన్న నాటి పిస్తోలు ఉంది, లైసెన్సు కూడా ఉంది. చాచా ఎండాకాలంలో సైతం ఊలు టోపీని కనుబొమ్మల దాకా లాక్కుని కూర్చునే మనిషి. పెట్టె తెరిచి గుడ్డ విప్పాడు. లోపల ఉన్నది పిస్తోలా, చిన్న సైజు ఫిరంగా అని నాకు అనుమానం వచ్చింది. పక్కపక్కన రెండు గొట్టాలు, ఒక్కొక్క దాంట్లో నా బొటనవేలు దూరుతుంది. కింద రెండు ట్రిగ్గర్లు. వెనకాల కొక్కేల్లా పైకి లేచిన రెండు ఇనుప సుత్తులు.

"గిదేంది చాచా, ఇంత లావున్నది?"

"అంబారీల కూసున్నప్పుడు పులి ఎగిరి ఏనుగు నెత్తి మీదికొస్తె, గప్పుడు గీన్ని తీస్తరు బేటా. నవాబుసాబ్ షికారుకు పోతె, మా అబ్బా ఎనుక గిదే పట్టుకొని కూసుంటుండె."

"పులి సచ్చేదా?"

"పులి సంగతి తర్వాత. కొట్టినోని చెయ్యి మూడు దినాలు పైకి లేవకపోతుండె."

నేను నవ్వాను. చాచా నవ్వలేదు. తూటాల్లోంచి గుండ్లు తీసేసి, మందు మీద వడ్ల పొట్టు దట్టంగా కూరి, పైన గుడ్డ పేలిక బిగించాడు. "మగపోరల పందానికి ఒక గొట్టం, ఆడపోరల పందానికి ఇంకోటి. రెండు చేతుల్తోని గట్టిగ పట్టు. మొకానికి దూరం పెట్టు. ఒక్క వేలే, ఒక్క ట్రిగ్గరే. సమజైందా? గిది తన్నే బర్రె అసుంటిది. లేకుంటె నేనే వచ్చి పేలుస్త."

"పొట్టు కూరినంక ఇగ తన్నుడేంది చాచా?"

"ముంగట గుండున్నదో పొట్టున్నదో మందుకు ఎరికుంటదా బేటా?"

ఈ మాట నాకు చెవికెక్కలేదు. నిజామాబాదు పెద్దమనిషి ముందు చాచా కాల్చి, నేను పక్కన నిలబడితే షూటరుగా నా పరువేం కావాలి?

ఆటల రోజు వచ్చింది. మైదానంలో షామియానా, దాని కింద తెల్ల చొక్కాలో పెద్దమనిషి, ఆయన చేతిలో పరుగు లెక్కపెట్టే గడియారం. పక్కన బల్ల మీద మజ్జిగ కుండ, దాని వెనక ఊలు టోపీతో ఖాదర్ చాచా. కంచె అవతల రుక్కి తండ్రి, భుజాన గొడ్డలితో పనికి పోతూ పోతూ ఆగాడు. మగపిల్లలు ఐదుగురు గీత మీద నిలబడ్డారు. వాళ్ళ వెనక ఆడపిల్లలు, అందులో రుక్కి.

నేను ఎడమ చెయ్యి నడుము మీద పెట్టాను. కుడి చేత్తో పిస్తోలు తల పైకెత్తి, మోచెయ్యి కొంచెం వంచాను. ఆ వంపు ఎందుకంటే, అందంగా ఉంటుందని. షామియానా వైపు ఓరగా చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఆహా, జన్మ ధన్యం.

"రెడీ!" అని ట్రిగ్గర్ నొక్కాను. కదలలేదు. మళ్ళీ నొక్కాను. అది నవాబుల కాలం నాటి ట్రిగ్గర్, నాలాంటి తాత్కాలిక ఉద్యోగి మాట వింటుందా? పిల్లలు గీత మీద వంగి వంగి వణుకుతున్నారు. పెద్దమనిషి దగ్గాడు. నాకు చెమట పట్టింది. ఇంకో వేలు కూడా దూర్చి, పళ్ళు బిగించి, శక్తి కొద్దీ లాగాను. ఆ రెండో వేలు రెండో ట్రిగ్గర్ మీద పడిందని నాకు తెలియదు.

రెండు గొట్టాలూ ఒక్కసారే పేలాయి.

పైకి పోవలసిందేదో పైకి పోయింది. పిస్తోలు మాత్రం కిందికి, నేరుగా నా ముఖం మీదికి వచ్చింది. ఇనుప సుత్తి నా కనుబొమ్మను ముద్దాడింది. మణికట్టు నుంచి భుజం దాకా చెయ్యి నాది కాకుండా పోయింది. కళ్ళు తెరిచేసరికి ఆకాశం ఎదురుగా ఉంది, అందులోంచి వడ్ల పొట్టు వాన కురుస్తోంది. పెద్దమనిషి తెల్ల చొక్కా గోధుమ రంగుకు తిరిగింది. కాలుతున్న గుడ్డ పేలిక ఒకటి ఊగుతూ ఊగుతూ వచ్చి మజ్జిగ కుండలో చుయ్‌మంటూ పడింది. ఐదుగురు మగపిల్లల్లో ముగ్గురు ఎదురుగా కట్టిన దారం వైపు పరుగెత్తారు. మిగతా ఇద్దరు ఇళ్ళ వైపు పరుగెత్తారు, వాళ్ళ వేగమే ఎక్కువని తర్వాత అందరూ ఒప్పుకున్నారు.

"ఉన్నడా?" అని హెడ్మాస్టరు గారి గొంతు వినిపించింది.

మెల్లగా పక్కకు తల తిప్పాను. రెండు గజాల దూరంలో రుక్కి నేల మీద బోర్లా పడి ఉంది. అలవాటు కదా. తలెత్తి నన్నే చూస్తోంది. నేలకు అతుక్కుని ఒకరినొకరం చూసుకున్నాం.

"సార్, మీకు గూడ మీ నాయిన చెప్పిండా?" అని గుసగుసగా అడిగింది.

తడిగుడ్డ నుదుటికి ఒత్తుకుని లేచి కూర్చునేసరికి పెద్దమనిషి చొక్కా దులుపుకుంటున్నాడు. "ఇక ఆడపిల్లల పందెం ఉందిగా, కానివ్వండి" అన్నాడు విసుగ్గా. అప్పుడు గుర్తొచ్చింది. రుక్కి పందానికి దాచిన తూటా కూడా నేనే పేల్చేశాను. కంచె అవతల తండ్రి భుజం మీది గొడ్డలి సర్దుకుంటున్నాడు. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన కనుబొమ్మ నొప్పి నాకు తెలియనే లేదు. నా గొప్పల కోసం ఒక పిల్ల బతుకు పాడుచేశాను. "చాచా, తప్పు జేసిన" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

ఖాదర్ చాచా నా పక్కన గొంతుక్కూర్చుని, ఊలు టోపీని పైకి జరిపాడు. ఆయన కుడి కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని చోటు, అచ్చం చిటికెన వేలి గోరంత!

"నేను గూడ మొదటిసారి రెండు వేళ్ళు పెట్టిన బేటా. మా అబ్బా వద్దన్నడు, నేను ఇన్లే. నువ్వు గూడ ఇనవని నాకు ఎరికే" అంటూ షేర్వానీ జేబులోంచి మూడో తూటా తీశాడు.

ఆడపిల్లలు గీత మీదికి వచ్చారు. చాచా రెండు చేతులతో పిస్తోలును ముఖానికి దూరంగా పట్టుకున్నాడు. నేను వాచిపోని ఒక్క కన్నుతో రుక్కినే చూస్తున్నాను. పడొద్దు తల్లీ, పడొద్దు తల్లీ అని లోపల్లోపల మొక్కుకుంటున్నాను.

పిస్తోలు పేలింది. రుక్కి పడలేదు! వంగిన పిల్ల వంగినట్టే ముందుకు దూసుకుపోయింది. మిగతా వాళ్ళు సగం దూరం పోకముందే దారం తెంచేసి, ఆగడం తెలియక కంచె దాకా పోయి, తండ్రి ముందు నిలబడింది. పెద్దమనిషి గడియారం చూశాడు. మళ్ళీ చూశాడు. విదిలించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఖాదర్ చాచా దాన్ని తీసుకుని తనూ ఒకసారి విన్నాడు.

"గడియారం మంచిగనే నడుస్తుంది సాబ్. పొల్లనే జల్ది ఉరికింది."

హాస్టలు సీటు ఆ రోజే ఖాయమైంది. తండ్రి గొడ్డలి కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకేం, నాలో పాత మనిషి లేచాడు. నుదుటికి కట్టుతోనే ఛాతీ విరిచి, హెడ్మాస్టరు గారు, పెద్దమనిషి వినేటట్టుగా, "చెప్పు బిడ్డా! తుపాకి భయం ఎట్ల పోయింది? ఎవరు పోగొట్టిండ్రు?" అని అడిగాను.

రుక్కి ఏమాత్రం తడుముకోలేదు. "మీరే సార్. తుపాకి పేల్తే ముంగటున్నోళ్ళకు ఏమన్న అయితదని ఇన్నొద్దులు భయపడ్డ. మిమ్మల్ని జూసినంక తెల్సింది. ముంగటున్నోళ్ళు మంచిగనే ఉరికిండ్రు. పట్టుకున్నోడే పడ్డడు!"

పెద్దమనిషి నవ్విన నవ్వుకు చొక్కా మీద మిగిలిన పొట్టంతా రాలిపోయింది. రుక్కి ఇప్పుడు మరో ఊళ్ళో డ్రిల్లు టీచరు. పందేలు తుపాకీతోనే మొదలుపెడుతుంది, రెండు చేతులతో, ఒక్క వేలితో. నేను మాత్రం ఆ సాయంత్రమే ఈలను కళ్ళకద్దుకుని ప్రమాణం చేశాను: ఈ జన్మలో పేలే వస్తువు దేన్నీ ముట్టను, ఖాదర్ చాచా వంటి వాళ్ళు చెప్పేటప్పుడు మధ్యలో నవ్వను. ఆ మాట మీదే ఉన్నాను. మా ఇంట్లో దీపావళికి టపాసులన్నీ మా ఆవిడే కాలుస్తుంది. నేను గుమ్మం అవతల నిలబడి, ఆమె వత్తి ముట్టించే ముందు "రెడీ!" అని ఈల ఊదుతాను.