జేబులో కార్డు, వెళ్ళిపోయిన దరఖాస్తు

దెయ్యాలనూ మహిమలనూ నేను ఏనాడూ నమ్మలేదు. కంప్యూటర్ పనిచేయకపోతే దానికో కారణం ఉంటుంది, పనిచేసినా ఉంటుంది. ఇన్నేళ్ళుగా నాకు కూడు పెట్టింది ఆ నమ్మకమే. అయినా ఆ ఆయుధపూజ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇనుప గనులు జోరుమీదున్న కాలం. బళ్ళారి గాంధీనగర్‌లో మా మామ లారీల ఆఫీసులో కంప్యూటర్ పని నాది. ఇంటర్నెట్ ముందు గది కంప్యూటర్‌కే వచ్చేది. దానికి రెండు నెట్‌వర్క్ కార్డులు బిగించాను. ఒక కార్డు మోడెం నుంచి తీసుకుంటుంది, రెండోది లోపలి గది కంప్యూటర్‌కు అందిస్తుంది. ఇటు వచ్చింది అటు దాటించేలా సెట్టింగు పెట్టింది నేనే. అది పనిచేసిన రోజు నా అంతటివాడు లేడనుకున్నాను.

సండూరు నుంచి వచ్చే లారీల ఎర్రదుమ్ము దూరని చోటు లేదు. పూజ రోజు ఉదయం కంప్యూటర్ ఆపి, రెండో కార్డు ఊడదీసి, బ్రష్‌తో తుడిచి, చొక్కా జేబులో వేసుకున్నాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి మామ కంప్యూటర్ ఆన్ చేసి, కుంకుమ పెట్టి, దండ వేసి, హారతి కూడా ఇచ్చేశాడు. లారీకైనా కంప్యూటర్‌కైనా మా ఇంట్లో ఒకటే ఆచారం. పూజలో పెట్టినదాన్ని మర్నాటిదాకా ముట్టుకోరు. పండగ హడావుడిలో కార్డు సంగతే మరిచిపోయాను.

మధ్యాహ్నం చెల్లెలు లత పరుగున వచ్చింది. నర్సు ఉద్యోగానికి దరఖాస్తు పంపడానికి అదే ఆఖరి రోజు, సాయంత్రం ఐదింటిదాకానే గడువు. వచ్చే ఏడాదికి ఆమె వయసు దాటిపోతుంది. పండగని నెట్ సెంటర్లన్నీ మూసేశారు. లోపలి గదిలో కూర్చోమని చెప్పి, నేను లారీలకు దండలు కట్టడానికి వెళ్ళాను.

నాలుగున్నరకు చెమట తుడుచుకుందామని రుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే కార్డు తగిలింది. పరుగెత్తి కంప్యూటర్ విప్పబోతే ఊరుకోమంటూ మామ అడ్డం నిలబడ్డాడు.

"సుమ్నే ఉండప్పా! పూజలో ఉండేదాన్ని ఎవురన్నా ఇప్పుతారా?"

"దాని కార్డు నా జేబులో ఉండాది మామా! లతకు నెట్టు యాడ్నుంచి వస్తాది?"

నా మాట పూర్తి కాకముందే లత కాగితం ఊపుకుంటూ బయటికొచ్చింది.

"అన్నా, అయిపాయె! నంబరు గూడా వచ్చిండాది, చూడు!"

లోపలికి దూకాను. ఏది నొక్కితే ఆ పేజీ టకటకా తెరుచుకుంటోంది! ముందు గదికొచ్చి కంప్యూటర్ వెనక చూశాను. లోపలి గది తీగ కొస గాలిలో వేలాడుతోంది, కార్డు తీసిన చోట ఖాళీ. వైర్‌లెస్ అన్నది మా ఆఫీసులోనే లేదు. నాకు నవ్వు ఆగలేదు. మామ చెంపలు వేసుకున్నాడు.

మర్నాడు కార్డు పెట్టకుండానే మళ్ళీ ప్రయత్నించాను. ఒక్క పేజీ రాలేదు. కార్డు బిగించాకే వచ్చింది.

ఈ పనిలో తల పండినవాళ్ళనెందరినో అడిగాను. కొందరు నవ్వారు, కొందరు నేనే ఏదో మరిచానన్నారు. ఆ దరఖాస్తు ఏ దారిన వెళ్ళిందో నేను ఇప్పటికీ చెప్పలేను. హాల్ టికెట్ ఇంటికొచ్చిన రోజు మాత్రం లత కంటే ముందు నేనే ఏడ్చేశాను.